అప్‌డేట్: బాత్రూమ్ పాత టైల్స్ తీయించేశాం

చెన్నై ఫ్లాట్‌లో బాత్రూమ్ పాత టైల్స్ మీదే కొత్తవి వేయించవచ్చా అని అడిగాను కదా, చివరికి తీయించేశాం. కింది ఇంటి పైకప్పుకు చెమ్మ పట్టిందని తెలిశాక ఇక ఆలోచించేదేముంది? పెకిలిస్తే చాలా టైల్స్ కింద సిమెంటు మధ్యలో ఒక ముద్దే, అంచులన్నీ డొల్ల.

వాటర్‌ప్రూఫింగ్ పూతను గోడల మీదకు అడుగు ఎత్తు వరకు వేయించి, తూము మూసి 24 గంటలు నీళ్లు నిలిపాం. మేస్త్రి తమిళంలో సణుగుతూనే ఉన్నారు. కింద మాత్రం చుక్క పడలేదు. వాలు తీయడంలో ఆయన పనితనానికి వంక పెట్టలేం: మీటరుకు సుమారు సెంటీమీటరు. చెంబుడు నీళ్లు కుమ్మరిస్తే ఎక్కడా నిలవకుండా జాలీలోకి జారిపోతున్నాయి.

టైల్స్ గరుకువి, సందులు పూడ్చడానికి ఎపాక్సీ గ్రౌట్ (రెసిన్‌తో చేసే మిశ్రమం). ఖరీదెక్కువే గానీ, మామూలు గ్రౌట్‌లా నీళ్లు పీల్చదు. రంగు మా అత్తగారికి నచ్చలేదు, అది వేరే సంగతి.