ఉయెచి-ర్యూ ఎవరిది, చైనాదా ఒకినావాదా?

మూడుకటాలు: మనం చేసే ఉయెచి-ర్యూ శైలి పక్కా ఒకినావా (జపాన్ దక్షిణాన ఉన్న దీవి) కరాటే అంటే నేను ఒప్పుకోను. దీన్ని మొదలెట్టిన ఉయెచి కన్‌బున్ గారు పుట్టింది ఒకినావాలోనే, కానీ 1897లో చైనాలోని ఫూజౌ వెళ్లి షూ షివా అనే గురువు దగ్గర నేర్చుకుని 1910లో తిరిగొచ్చారు. తెచ్చింది మూడే కటాలు (వరసగా చేసే కదలికలు), సాంచిన్, సేసన్, సాన్‌సేరుయ్. అప్పటి పేరు పాన్‌గాయ్‌నూన్, సగం గట్టి సగం మెత్తన అని. ఇది చైనాది కాక ఇంకెవరిది?

నహాతే_శీను: నేర్చుకుంది చైనాలో, సరే. నేర్పింది ఎక్కడ అన్నా? ఊరొచ్చాక ఏళ్ల తరబడి నోరు విప్పలేదు, 1924లో పనికోసం జపాన్‌లోని వాకాయామా వెళ్లాక అక్కడ తోటి ఒకినావా ఆయన తొమోయోసె ర్యూయు గారు పట్టుబడితే మొదలెట్టారు. ఉయెచి-ర్యూ అన్న పేరొచ్చిందే 1940లో. ఇంకో ఐదు కటాలు కొడుకు కనెయి గారి కాలంలో చేరాయి. ఎనిమిదిలో ఐదు, లెక్క నువ్వే చూసుకో.

మూడుకటాలు: ఆ ఐదూ మూడింట్లోంచి తీసినవేగా. వాటిలో ఒకటైన కన్‌షివా పేరులోనే కన్‌బున్, షూ షివా ఇద్దరూ ఉన్నారు. సాంచిన్ చూడు, మనం చెయ్యి తెరిచి వేళ్లతో పొడుస్తాం, మియాగి గారి గోజు-ర్యూ శైలిలో పిడికిలి మూసి చేస్తారు. తెరిచిన చెయ్యే పాతది.

గోజు_పిల్లోడు: టెన్షో కటా కూడా మియాగి గారిదే, అందులో తెరిచిన చేతులే

నహాతే_శీను: పిడికిలి సంగతి ఎవరడిగారు ఇక్కడ?

మూడుకటాలు: అడగాల్సిందే. పాత కటా కావాలంటే పాత ట్రైనింగ్ కూడా కావాలి. ఇప్పుడు కొటేకిటాయ్ (ముంజేతులు ఒకరికొకరు కొట్టుకుని గట్టిపరచుకోవడం) అంటే ముంజేతులు ఆనించుకుని ఫోటో దిగడం, షిమేలో (సాంచిన్ చేసేవాణ్ణి తట్టి పరీక్షించడం) భుజం మీద ఒక్కటి చరిస్తే మర్నాటి నుంచి క్లాసుకే రారు. ఫూజౌలో ఇలా నేర్పుంటే కన్‌బున్ గారు తయారయ్యేవారా?

నహాతే_శీను: ఇదిగో, ఈ మాటే. నాకు పద్నాలుగేళ్లప్పుడు మా సార్ సాంచిన్‌లో నిలబెట్టి షిమే అని చెవి మీద కొట్టారు, నెల రోజులు ఆ వైపు సరిగ్గా వినపడలేదు. అమ్మ అడగడానికి వెళ్తే చైనాలో ఇలాగే నేర్పేవాళ్లమ్మా అన్నారు. భుజాలు దిగి ఉన్నాయా, తొడలు బిగిశాయా, ఊపిరి బిగబట్టాడా అని చేత్తో తట్టి చూడ్డం షిమే. అందులో చెవి ఎక్కడుంది? చైనాది చైనాది అంటే నాకు ఒళ్లు మండేది అందుకే.

మూడుకటాలు: మీ సార్ చేసిన దానికి షూ షివా ఏం చేస్తాడు? నేను పదేళ్లు కొట్టించుకున్నా, నాకేం కాలేదు.

వనజ: మా పాపకి పదకొండేళ్లు, కొటేకిటాయ్ మొదలెట్టారు. చేతులు కమిలిపోయి వస్తోంది. మాన్పించాలా?

నహాతే_శీను: వనజగారూ, కమిలితే తగ్గేదాకా ఆపేయండి, ఎముక మీద నొప్పుంటే డాక్టర్‌కి చూపించండి. ఆ వయసుకి మెల్లగా ఆనించడం నేర్పితే చాలు.

మూడుకటాలు: పిల్లల్ని కొట్టమని నేను అనలేదండీ. మా మాస్టర్ పోయాక ఆయన నేర్పింది నేను ఒక్కడినే చేస్తున్నా, వచ్చినవాళ్లంతా బెల్ట్ ఎప్పుడిస్తారనే అడుగుతారు, నాతో ఇది పోతుందేమోనని నా భయం.

నహాతే_శీను: అది మొదట్లోనే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు. కనెయి గారి కాలంలో ఐదు కటాలు మధ్యలో పెట్టింది కూడా కొత్తవాళ్లు మెట్టుమెట్టుగా ఎక్కడానికే కదా. అది మెత్తబడటమా?

మూడుకటాలు: కాదులే. చెవి మీద కొట్టడం తప్పే, ఒప్పుకుంటా. చైనాది అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.