రోజూ పరిగెత్తే కుటుంబానికి మందలు కాసే జాతి కుక్క: ఏది తీసుకోవాలి?

పొద్దున్నే_పరుగు
అందరికీ నమస్కారం. ఇంట్లో నలుగురం. నేనూ మా ఆవిడా వారానికి 5 రోజులు పొద్దున్నే 6, 7 కిలోమీటర్లు పరిగెడతాం. పిల్లలకు (పాపకి 10, బాబుకి 7) సైకిల్, ఈత, సెలవు దొరికితే అందరం కలిసి కొండలెక్కుతాం. కుక్క కావాలని పిల్లలు రెండేళ్లుగా ప్రాణం తోడేస్తున్నారు. ఎలాగూ ఒక్కచోట కూర్చునే కుటుంబం కాదు కదా, మందలు కాసే జాతి అయితే మాకు సరిగ్గా సరిపోతుందని నా లెక్క. నాకు బోర్డర్ కోలీ మీద మనసుంది. ఆవిడ ఆస్ట్రేలియన్ షెపర్డ్ అంటోంది, కారణం అడిగితే నీలి కళ్లు అంటుంది. ఆఫీసులో ఒకాయన "ఇవన్నీ ఎందుకు, పోలీసులు వాడే మాలినోయ్ తీసుకో, నువ్వెంత పరిగెత్తినా నీ వెంటే ఉంటుంది" అన్నాడు. నా చిన్నప్పుడు ఇంట్లో కుక్క ఉండేది కానీ దాన్ని చూసుకున్నది అమ్మే, కాబట్టి నాకు అనుభవం లేదనే అనుకోండి. పెంచుతున్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

గొర్రెల్లేని_కాపరి
అన్నా, నేను చేసిన తప్పే మీరూ చేయబోతున్నట్టు ఉన్నారు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తా. మా బోర్డర్ కోలీకి ఇప్పుడు 6 ఏళ్లు. నేనూ పరిగెత్తేవాణ్ణే, బాగా తిప్పితే ఇంటికొచ్చి పడుకుంటుంది అనుకున్నా. రోజుకు రెండుసార్లు బయటికి, సాయంత్రం బంతి. ఒక్కోరోజు 150 సార్లు విసిరేవాణ్ణి, నా భుజం పోయేది గానీ దానికి ఆయాసమే తప్ప అలుపు ఉండేది కాదు. ఏడాది దాటేసరికి ఇంట్లో ఒక్క నిమిషం కుదురుగా ఉండేది కాదు. గోడ మీద నీడ కదిలితే దాని వెంట, ఫోన్ అద్దం మీంచి వెలుతురు పడితే దాని వెంట, అర్ధరాత్రి కూడా. మొదట నవ్వుకున్నాం, వీడియోలు తీశాం. అది ముదిరితే జబ్బు కిందే లెక్క అని తర్వాత తెలిసింది. ట్రైనర్ వచ్చి చూసి అన్న మాట: "మీరు దీన్ని అలసిపోయేలా చేయట్లేదండీ, దమ్ము పెంచుతున్నారు."

ఈ జాతి పుట్టింది ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్కను ఇప్పటి బోర్డర్ కోలీలకు మూలపురుషుడిగా చెబుతారు. మొరగకుండా, కరవకుండా, చూపుతోనే గొర్రెల్ని కదిలించేదట. కాపరులు "కన్ను" అనేది దాన్నే. గొర్రెలు లేనప్పుడు ఆ కన్ను ఎక్కడో ఒకచోట పడాలి కదా, మా ఇంట్లో నీడల మీద పడింది. ఇంకోటి, కాపరి దగ్గర ఉండే కుక్క రోజంతా పరిగెత్తదు. చాలాసేపు గడ్డిలో పడుకుని పిలుపు కోసం ఎదురుచూస్తుంది. పరిగెత్తడం నేర్పక్కర్లేదు, పడుకోవడమే నేర్పాలి. మేం అది వదిలేశాం. తర్వాత బంతి పూర్తిగా దాచేసి, ఒక చాప వేసి దాని మీద ఊరికే పడుకుంటే మెచ్చుకోవడం మొదలుపెట్టాం, 30 సెకన్లతో మొదలై గంట దాకా వచ్చింది, వాసన పట్టి వస్తువులు వెతికే ఆటలు కలిపాం. 8 నెలలు పట్టింది. ఇప్పుడు బంగారం. కానీ గోడ మీద నీడ ఆడితే ఇప్పటికీ చెవులు లేస్తాయి.

కవలల_అమ్మ
మాది ఆస్ట్రేలియన్ షెపర్డ్, ఆడది, 4 ఏళ్లు. పేరులో ఆస్ట్రేలియా ఉంది కానీ ఈ జాతి తయారైంది అమెరికా పశ్చిమ ప్రాంతంలోని పశువుల క్షేత్రాల్లో. గొర్రెలనే కాదు పశువులనూ తోలుతుంది, కాబట్టి బోర్డర్ కోలీలా చూసి ఊరుకోదు, ఒళ్లు ఆనించి తోస్తుంది, మడమ దగ్గర పళ్లతో గిల్లుతుంది. ఇప్పుడు ఊహించుకోండి, ఇంట్లో ఇద్దరు ఆరేళ్ల పిల్లలు కేకలేస్తూ పరిగెడుతుంటే దానికి అవి రెండు తప్పిపోయిన గొర్రెపిల్లలు. పిల్లల పైజామా అంచులన్నీ చిరుగులే. రక్తం వచ్చేలా ఎప్పుడూ కరవలేదు, కానీ మా బాబు మూడు నెలలు సోఫా మీంచి దిగలేదు.

మేం చేసింది చెప్తాను. పిల్లలు పరుగాటలు ఆడేటప్పుడు దానికి ఇంట్లో కూడా లీష్, లేదా మధ్యలో గేటు. అది మీదికొస్తే పిల్లలు కేకలు ఆపి చెట్టులా నిలబడాలి. కదలని గొర్రెతో దానికి సరదా ఉండదు. ఆ తర్వాత పెద్దవాళ్లం పిలిచి నోటికి తాడు బొమ్మ ఇస్తాం. తిట్టడం, ముక్కు మీద కొట్టడం చేస్తే ఇంకా రెచ్చిపోయింది (అవును, మొదటి వారం చేశాం, సిగ్గుగానే ఉంది). 14 నెలలకి తగ్గింది. అది కాకుండా ఇది మనిషిని వదలదు. బాత్రూం తలుపు బయట కూడా కాపలా. కొందరికి అది ముద్దు, నాకు మాత్రం ఒక్కోసారి ఊపిరాడదు.

నీలి కళ్ల సంగతికొస్తే మీ ఆవిడగారికి ఒక్కటి చెప్పండి. ఆ కళ్లు తరచూ ఒంటి మీద మచ్చలు మచ్చలుగా ఉండే మెర్ల్ రంగుతో పాటు వస్తాయి, ఆ రంగు కోసం ఎగబడొద్దు. తల్లీ తండ్రీ ఇద్దరూ మెర్ల్ అయితే పుట్టే ఒక్కో పిల్లకి నాలుగింట ఒక వంతు అవకాశం ఆ జీన్ రెండువైపుల నుంచీ రావడానికి. అలా వచ్చినవి చాలావరకు తెల్లగా ఉంటాయి, చెవుడో గుడ్డితనమో రెండూనో వచ్చే ప్రమాదం బాగా ఎక్కువ. తల్లిదండ్రులిద్దర్నీ కళ్లారా చూడకుండా పిల్లను తెచ్చుకోకండి.

కాకీ_రిటైర్డ్
డాగ్ స్క్వాడ్‌లో చాలా ఏళ్లు మాలినోయ్‌లతో పనిచేశాను. వాటంటే ప్రాణం. మొదటి కుక్కగా, చిన్నపిల్లలున్న ఇంటికి, వద్దు. మీ ఆఫీసాయన దగ్గర ఉందా అని అడగండి ముందు.

పొద్దున్నే_పరుగు
అడిగాను సార్. ఆయన దగ్గర పిల్లి ఉందట 😀

మాలినోయ్ తీసేశాం. రెండు ప్రశ్నలు. పిల్లగా తెచ్చుకుంటే ఎన్నో నెల నుంచి మాతో పరిగెత్తించొచ్చు? రెండోది, వారంలో 3 రోజులు మేమిద్దరం ఆఫీసుకు, పిల్లలు బడికి, అంటే 7 గంటలు అది ఒంటరిగా ఉండాలి. కుదురుతుందా?

టీకాల_గది
నేను వెట్ క్లినిక్‌లో అసిస్టెంటుని, డాక్టర్ని కాదు, మీ డాక్టర్‌ని కూడా అడగండి. పిల్లకి ఎముకల చివర్లు ముదరకముందు రోడ్డు మీద ఏకబిగిన పరిగెత్తించకూడదు. ఈ సైజు జాతులకి ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఆగమంటారు. అప్పటిదాకా గడ్డిలో దాని ఇష్టం వచ్చినట్టు ఆడుకోవడం, ఆగి వాసన చూసుకుంటూ నడవడం చాలు. పిల్ల రోజుకు 18 గంటలు నిద్రపోతుంది, ఆ నిద్ర చెడగొట్టి "ఎనర్జీ ఎక్కువ" అనేవాళ్లని రోజూ చూస్తుంటాను. నిద్ర చాలని పిల్లే ఎక్కువ కరుస్తుంది.

7 గంటలు పెద్ద కుక్కకే కష్టం, మధ్యలో ఎవరైనా వచ్చి బయటికి తిప్పాలి. 3 నెలల పిల్లకైతే కుదరదు, ఉచ్చ ఆపుకోలేదు.

తెచ్చుకునేముందు అడగాల్సిన పరీక్షలున్నాయి. తల్లిదండ్రుల తుంటి ఎముకల ఎక్స్‌రే ఏ జాతికైనా చూడండి, జర్మన్ షెపర్డ్‌కైతే మరీను. కోలీ జాతులన్నిటికీ కళ్ల పరీక్ష. ఆస్ట్రేలియన్ షెపర్డ్, రఫ్ కోలీ (పొడుగు బొచ్చు కోలీ), షెల్టీ (దానిలాగే ఉండే చిన్న జాతి) అయితే ఎండీఆర్1 జీన్ పరీక్ష. ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో దాదాపు సగం వాటిలో ఆ లోపం కనీసం ఒక కాపీ ఉంటుంది, రఫ్ కోలీల్లో ఇంకా ఎక్కువ. ఆ లోపం ఉన్న కుక్కకి కొన్ని మందులు మెదడులోకి చేరిపోతాయి. పురుగులకు వాడే ఐవర్‌మెక్టిన్ ఎక్కువ మోతాదులో, మనుషులు విరేచనాలకు వేసుకునే లోపెరమైడ్ కూడా. ఇంట్లో ఉన్న మాత్ర సగం విరిచి వేసేవాళ్లున్నారే, వాళ్ల కోసం రాస్తున్నా. చెంప లోపలివైపు రుద్దిన దూదిపుల్లతో అయిపోయే పరీక్ష ఇది.

అలాగే వేడికి ఈ బొచ్చు గొరిగించకండి. రెండు పొరల బొచ్చు, లోపలిది దువ్వి తీయాలి. వేడిగా ఉన్నప్పుడు పరుగు మానేయండి, నేల మీద మీ అరచేయి వెనకవైపు ఆనించి 7 సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. ఈ జాతులతో ఇంకో చిక్కు, మీరు ఆగేదాకా అవి ఆగవు, వడదెబ్బ తగిలినా పరిగెడుతూనే ఉంటాయి.

నీలిమచ్చల_బండోడు
అందరూ కలిసి మనిషిని హడలగొట్టేశారు కదరా. మాది ఆస్ట్రేలియన్ క్యాటిల్ డాగ్, అదే హీలర్ అంటారే, డింగో (ఆస్ట్రేలియా అడవి కుక్క) రక్తం కలిసిన జాతి. 9 ఏళ్లుగా నాతో కొండలెక్కుతోంది, ఇంటికొచ్చాక ఎద్దులా నిద్రపోతుంది. రోజూ గంటన్నర బయట తిరగడం, ఓ పావుగంట ఏదో ఒకటి నేర్పడం, అంతే. పదేళ్ల పిల్లకి దీన్ని మించిన నేస్తం ఉండదు. జాతి పేరు చూసి భయపడొద్దు, ఏ వంశంలోది అని చూడండి. పొలం పని కోసం పెంచిన వంశం వేరు, షోల కోసం పెంచిన వంశం వేరు, ఒకే జాతి అయినా రెండిటి స్పీడులో ఎంతో తేడా.

గొర్రెల్లేని_కాపరి
బండోడన్నా, వంశం మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా. కానీ నీ హీలర్ పరాయివాళ్లని ఎలా చూస్తుందో కూడా రాయి మరి. పిల్లల స్నేహితులు ఇంటికొస్తే?

నీలిమచ్చల_బండోడు
ఆ... వేరే గదిలో పెడతా. సరే, ఒప్పుకున్నా.

షెల్టీ_వాళ్లింటి_పక్కన_కాదు
షెల్టీ గురించి ఎవరూ రాయలేదేం? ఎత్తు 13 నుంచి 16 అంగుళాలు, తెలివిలో పెద్ద జాతులకి ఏమీ తీసిపోదు, మా పాపతో కలిసి అడ్డంకులు దూకే అజిలిటీ నేర్చుకుంటోంది. పిల్లలతో మెత్తగా ఉంటుంది. లోపం ఒక్కటే, మొరుగుతుంది. తలుపు తీస్తే మొరుగుతుంది, వేస్తే మొరుగుతుంది, మేం నవ్వితే మొరుగుతుంది. కార్గీ కూడా మంద తోలేదే, కానీ పొట్టి కాళ్లు, పొడుగు నడుము, వెన్ను సమస్యలొస్తాయి, మీ పరుగుకి పనికిరాదు.

పొద్దున్నే_పరుగు
బోర్డర్ కోలీ తెలివి మాత్రం నన్ను వదలట్లేదండీ. వెయ్యికి పైగా బొమ్మల పేర్లు గుర్తుపట్టిన కుక్క గురించి చదివాను. అంత తెలివైనది త్వరగా నేర్చుకుంటుంది కదా?

కవలల_అమ్మ
అది ఛేజర్. 1,022 బొమ్మల పేర్లు. నేర్పింది జాన్ పిల్లీ అనే రిటైరైన సైకాలజీ ప్రొఫెసర్, రోజుకు 4, 5 గంటల చొప్పున మూడేళ్లు. మీరు ఇంకా రిటైరవ్వలేదు కదా అన్నయ్యా.

తెలివైన కుక్క మీరు నేర్పినవే కాదు, నేర్పనివీ నేర్చుకుంటుంది. మాది ఫ్రిజ్ తలుపు తీయడం ఎవరూ నేర్పలేదు.

వెనక్కిచ్చినవాణ్ణి
రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించా. నేను బోర్డర్ కోలీని 11 నెలల వయసులో వేరేవాళ్లకి ఇచ్చేశాను. మేమూ చురుకైన కుటుంబమే. శని, ఆదివారాలు బాగా తిప్పేవాళ్లం, మిగతా రోజులు హడావుడి. అది వారానికి రెండు రోజుల కుక్క కాదు. సోఫా, తలుపు చట్రం, చివరికి దాని తోక కొరుక్కోవడం మొదలుపెట్టింది. ఇచ్చిన చోట ఒక ముసలాయన, ఆయనకి నిజంగానే గొర్రెలున్నాయి. ఏడాది తర్వాత చూడ్డానికి వెళ్తే నన్ను గుర్తుపట్టి తోక ఊపి, ఆయన ఈల వేయగానే వెళ్లిపోయింది. మా అబ్బాయి కారులో ఏడ్చాడు.

మళ్లీ తెచ్చుకోవాల్సి వస్తే మాత్రం పిల్లని తెచ్చుకోను. రెండు మూడేళ్లు దాటిన కుక్కని తీసుకుంటా. దాని గుణం అప్పటికి బయటపడి ఉంటుంది, పిల్లలంటే ఎలా ఉంటుంది, ఒంటరిగా వదిలితే ఏం చేస్తుంది, చూసి తెచ్చుకోవచ్చు. పిల్లని తెచ్చుకోవడం లాటరీ టికెట్ కొన్నట్టే, ఎంత మంచి వంశమైనా. మీరు ఇంకో పని కూడా చేయండి. కుక్క ఇంకా రాకముందే, వచ్చేసిందనుకుని రెండు వారాలు ఎవరు ఎప్పుడు ఎంతసేపు తిప్పుతారో కాగితం మీద రాయండి. నేను రాసుకోలేదు.

పొద్దున్నే_పరుగు
మూడు వారాల తర్వాత వస్తున్నా, క్షమించండి. కాగితం రాశాం. పొద్దున గంట బాగానే ఉంది. సాయంత్రం గడి చాలా రోజులు ఖాళీ. పిల్లలు "మేం తిప్పుతాం" అని రాసిన రోజుల్లో సగం రోజులు ట్యూషన్. మా ఆవిడ ఆ కాగితం చూసి ఏమీ అనలేదు, ఫ్రిజ్‌కి అంటించింది.

పిల్ల ఆలోచన వదిలేశాం. ఎవరో తమ ఇంట్లో కుదరక వదిలేసిన మూడున్నరేళ్ల ఆస్ట్రేలియన్ షెపర్డ్ కలగలుపు ఒకటి ఉందంటే నాలుగుసార్లు వెళ్లి చూశాం, రెండుసార్లు పిల్లల్ని తీసుకెళ్లాం, ఒకసారి పరిగెత్తించాం కూడా. గోధుమరంగు కళ్లు, ఆవిడ ఆ ఊసే ఎత్తలేదు. ఎండీఆర్1 పరీక్షకి పంపాం. ఆఫీసు రోజుల్లో మధ్యాహ్నం తిప్పడానికి పక్కింటి కాలేజీ అమ్మాయి ఒప్పుకుంది. రెండు వారాల ట్రయల్ మీద ఇంటికొచ్చింది, ఇవాళ 9వ రోజు. కాపరన్నా, మీరు చెప్పిన చాప మీద 12 నిమిషాలు పడుకుంటోంది. ఒక్క సమస్య, బాబు సైకిల్ తొక్కితే ముందు చక్రానికి అడ్డం పడుతోంది. నిన్న ఇద్దరూ పడ్డారు, దెబ్బలేం లేవు.

కవలల_అమ్మ
అది సైకిల్‌ని మంద తోలుతోంది 😀 కొన్నాళ్లు సైకిల్ ఉన్నప్పుడు లీష్ మీ చేతిలోనే. బాబుని సైకిల్ తొక్కకుండా నడిపించమనండి, మీరు పక్కన దూరంగా నడవండి, అది చక్రాన్ని చూసి మళ్లీ మీ వైపు చూసిన ప్రతిసారీ ఏదైనా తినిపించండి. అలా ఓ వారం అయ్యాక బాబు మెల్లగా తొక్కాలి. తొందరపడితే మళ్లీ మొదటికొస్తుంది. ఇంతకీ పేరేం పెట్టారు?

పొద్దున్నే_పరుగు
పాప ఒకటి అంటోంది, బాబు ఒకటి అంటున్నాడు. అది మాత్రం "అన్నం" అంటే వస్తోంది.