మోడెమ్ కామ్3లో ఉంచాలా, కామ్2లోకి మార్చాలా?

ప్రశ్న
పాత 486 కంప్యూటర్ ఒకటి మళ్లీ నడిపిస్తున్నాను. సీరియల్ మౌస్ కామ్1కి (మొదటి సీరియల్ పోర్టుకి) తగిలించాను, లోపల ఐఎస్ఏ స్లాట్‌లో ఉండే మోడెమ్ కార్డు జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు) కామ్3లో పెట్టాను. విడివిడిగా రెండూ బాగానే పనిచేస్తున్నాయి, కానీ మోడెమ్ డయల్ చేయడం మొదలుపెట్టగానే మౌస్ బాణం ఉన్నచోటే బిగుసుకుపోతోంది. అడ్రస్‌లు వేరే కదా, ఒకటి 3ఎఫ్8, ఇంకోటి 3ఈ8. మరి గొడవ ఎక్కడ?

జవాబు 1
అడ్రస్‌లు వేరైనా ఐఆర్‌క్యూ (ప్రాసెసర్‌ను పిలిచే ఇంటరప్ట్ లైన్) ఒకటేనండి. కామ్1, కామ్3 రెండిటికీ 4. కామ్2, కామ్4 రెండిటికీ 3. ఐఎస్ఏలో ఒకే లైన్‌ను ఇద్దరు ఒకేసారి వాడుకోవడం కుదరదు. మోడెమ్‌ను కామ్4కి మార్చేయండి, కామ్2కి ఏమీ తగిలించకుండా ఉంటే చాలు.

జవాబు 2
ఆ చివరి మాట నేను ఒప్పుకోను. కేబుల్ తగిలించనంత మాత్రాన కామ్2 లేనట్టు కాదు, దాని చిప్ బోర్డు మీద అలాగే ఉంటుంది, ఏదో ఒక ప్రోగ్రామ్ ఆ పోర్టు తెరిచి ఇంటరప్ట్ ఆన్ చేసిందంటే ఐఆర్‌క్యూ 3 లైన్ దాని చేతిలోకి పోతుంది, మోడెమ్ ఎంత పిలిచినా ప్రాసెసర్‌కు వినపడదు. పైగా కామ్4 అడ్రస్ 2ఈ8ని 8514/ఏ తరహా డిస్‌ప్లే కార్డులు, ఎస్3 కార్డులు కూడా వాడతాయి. ఈ రెండో సంగతి తెలియక నేను రెండు రాత్రులు మోడెమ్‌దే తప్పనుకుని దాన్నే పీకి పెట్టాను. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరిచే సెట్టింగుల్లో) కామ్2ను డిసేబుల్ చేసి, మోడెమ్‌ను 2ఎఫ్8, ఐఆర్‌క్యూ 3 మీద కామ్2గా పెట్టండి. బయాస్‌లో ఆ ఆప్షన్ లేకపోతే సీరియల్ పోర్టులుండే ఐ/ఓ కార్డు మీద జంపర్ ఉంటుంది.

జవాబు 1
కామ్4 విషయంలో మీరు చెప్పింది నిజమే, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఉన్న పోర్టును ఆపేయమనడం నాకు నచ్చలేదు, రెండు కంప్యూటర్లను నేరుగా కలిపే నల్ మోడెమ్ కేబుల్‌తో ఫైళ్లు పంపుకునేవాళ్లకు అదే కదా దారి. మోడెమ్ కార్డు మీద ఐఆర్‌క్యూ 5 జంపర్ ఉంటే కామ్3లోనే ఉంచి 5 ఇవ్వండి. విండోస్ 3.1 అయితే కంట్రోల్ ప్యానెల్‌లో పోర్ట్స్ తెరిచి, అడ్వాన్స్‌డ్‌లో కామ్3కి 5 అని చెప్పి, విండోస్‌ను మళ్లీ మొదలుపెట్టాలి. అది మర్చిపోతే జంపర్ మార్చినా లాభం లేదు.

జవాబు 2
5 ఖాళీగా ఉంటే నాకూ అభ్యంతరం లేదు. సౌండ్ కార్డు ఉంటే ముందు దాని జంపర్ చూడండి, సౌండ్ బ్లాస్టర్ 16 మామూలుగా 5 మీదే వస్తుంది.

ప్రశ్న అడిగినవారు
మూత విప్పి చూశాను. మోడెమ్ కార్డు అంచున 3, 4, 5, 7 అని నాలుగు జతల పిన్నులు, 4 మీద నల్లటి జంపర్. సౌండ్ కార్డు 5 మీదే ఉంది, ప్రింటర్ ఉంది, దాని పోర్టుది 7 కాబట్టి ఆ జోలికి పోలేదు. ఫైళ్లు ఫ్లాపీలోనే తెచ్చుకుంటాను, నాకు కామ్2 అక్కర్లేదు. బయాస్‌లో దాన్ని ఆపి, జంపర్ 3 మీదకి, అడ్రస్ 2ఎఫ్8కి మార్చాను. ఇప్పుడు డయల్ టోన్ వినిపిస్తున్నప్పుడు కూడా బాణం కదులుతోంది!