పదిహేను వేలలో ట్యాబ్: అత్తమ్మ సీరియళ్లకు, పిల్లాడి పీడీఎఫ్‌లకు ఏది మేలు?

కొర్లగుంట టీచర్:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. ఇంట్లో ఒకటే టీవీ. సాయంత్రమైతే మా ఆయన, పిల్లాడు క్రికెట్ పెట్టేసుకుంటారు. మా అత్తమ్మ ఓ మూల కూర్చుని ఫోన్‌లో కళ్లు చిట్లించుకుంటూ సీరియల్ చూస్తుంది. ఆమెకు ఈమధ్యే శుక్లాల ఆపరేషన్ అయింది. అంత చిన్న తెర మీద చూస్తుంటే నాకే కష్టంగా ఉంది. అందుకే ఒక ట్యాబ్ తీసుకుందామనుకుంటున్నా.

మధ్యాహ్నం పన్నెండుకు ఎస్వీబీసీలో శ్రీవారి కల్యాణోత్సవం, రాత్రికి ఓటీటీలో సీరియళ్లు, అప్పుడప్పుడు బెంగళూరులో ఉన్న ఆడపడుచుతో వీడియో కాల్. మావాడు ఎనిమిదో తరగతి, బడివాళ్లు పంపే పీడీఎఫ్‌లు చదువుకుంటాడు. గేములు అక్కర్లేదు. వైఫై ఉంది. బడ్జెట్ పదిహేను వేలు, మంచిదైతే ఇంకో రెండు మూడు వేలు పెడతాం.

నిన్న గాంధీ రోడ్డులో ఒక షాపుకు వెళ్తే, నేనెప్పుడూ వినని కంపెనీది చూపించారు. 12 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ, తొమ్మిది వేలేనట. యూట్యూబ్‌లో జలపాతం వీడియో పెడితే తళతళా మెరిసిపోయింది. రేపటిదాకానే ఆ రేటు అంటున్నారు. తీసుకోవచ్చా? సిమ్ ఉన్నది తీసుకోవాలా, వైఫైది చాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఎస్వీయూ హాస్టల్:

మేడమ్, బడ్జెట్ కొంచెం పెంచుకోగలిగితే వన్‌ప్లస్ ప్యాడ్ గో చూడండి. 11.35 అంగుళాల తెర, 2408 × 1720 రిజల్యూషన్, అక్షరాలు అచ్చు పుస్తకంలో ఉన్నట్టే ఉంటాయి. మా రూమ్‌లో ఒకడి దగ్గరుంది, నోట్సంతా దాంట్లోనే చదువుతాడు. తొందర లేకపోతే పండగ ఆఫర్లదాకా ఆగండి.

తిలక్ రోడ్ రిపేర్:

మేడమ్, తిలక్ రోడ్డు పక్క సందులో నాది ఫోన్లు, ట్యాబ్‌లు బాగుచేసే షాపు. కొత్తవి నేను అమ్మను, కాబట్టి మీరు ఏ కంపెనీది కొన్నా నాకు వచ్చేది, పోయేది ఏమీ లేదు. ఆ తొమ్మిది వేలది మాత్రం వద్దు.

షాపులో యూట్యూబ్ పెట్టి చూపిస్తే ఏ ట్యాబైనా బాగానే కనిపిస్తుంది. తేడా తెలిసేది ఓటీటీలో. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ లాంటివి వీడియోకు తాళం వేసి పంపుతాయి. ఆండ్రాయిడ్‌లో ఆ తాళం తీసేది గూగుల్ వాళ్ల వైడ్‌వైన్. దాంట్లో ఎల్1, ఎల్3 అని స్థాయిలున్నాయి. ఎల్1 ఉంటే ఆ పనంతా ప్రాసెసర్ లోపల విడిగా ఉండే భద్రమైన భాగంలో జరుగుతుంది. మధ్యలో ఎవరూ కాపీ చేసుకోలేరు కాబట్టి హెచ్‌డీ ఇస్తారు. ఎల్3లో అదే పని మామూలు సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది, అందుకని నెట్‌ఫ్లిక్స్ 480పీ, అంటే హెచ్‌డీ కన్నా తక్కువ స్పష్టత, దాటనివ్వదు. తెర ఫుల్ హెచ్‌డీ అయినా, నెట్ ఎంత స్పీడుగా ఉన్నా అంతే.

మొన్న ఒక పెద్దాయన ఇలాంటి ట్యాబే పట్టుకొచ్చాడు. ‘డిస్‌ప్లే పోయింది నాయనా, మొహాలన్నీ మసకమసకగా వస్తున్నాయి’ అన్నాడు. యూట్యూబ్ పెడితే మనిషి మీసంలో వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. సినిమా యాప్ తెరిస్తే మాత్రం ఆయన చెప్పినట్టే ఉంది. డీఆర్ఎమ్ ఇన్ఫో అనే యాప్ వేసి చూశా, ఎల్3. డిస్‌ప్లే మార్చినా అది బాగుపడదు. ఆయన కూతురు పంపిన డబ్బుతో కొనుక్కున్నాడట. అప్పటికి వాపసు గడువు దాటిపోయింది. ఆ మనిషిని వట్టి చేతులతో పంపాల్సి వచ్చినందుకు ఆరోజంతా మనసు బాగోలేదు.

మీ అత్తమ్మగారికి కళ్ల ఆపరేషన్ అయిందన్నారు కాబట్టి ఇది మరీ గట్టిగా చెప్తున్నా. కల్యాణోత్సవం యూట్యూబ్‌లో చూస్తే ఇబ్బంది లేదు, దానికి ఈ తాళం గొడవ ఉండదు. సీరియళ్ల దగ్గరే ఆమె కళ్లకు శ్రమ. కొనేముందు షాపువాళ్ల వైఫైతో డీఆర్ఎమ్ ఇన్ఫో వేసి, వైడ్‌వైన్ కింద సెక్యూరిటీ లెవెల్ ఎల్1 అని ఉందో లేదో మీ కళ్లతో చూడండి. నెట్‌ఫ్లిక్స్ ఉన్నవాళ్లు ఆ యాప్ సెట్టింగుల్లో ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ దగ్గర కూడా చూసుకోవచ్చు. ఇంకొకటి, నెట్‌ఫ్లిక్స్‌లో 149 రూపాయల మొబైల్ ప్లాన్ ఉంటే ఎల్1 ట్యాబ్‌లోనూ 480పీనే వస్తుంది. అప్పుడు ట్యాబ్‌ను తప్పుపట్టి లాభం లేదు.

12 జీబీ ర్యామ్ అన్నారు కదా, డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి. చాలావాటికి 4 + 8 అని ఉంటుంది. అసలు ర్యామ్ నాలుగే. మిగతా ఎనిమిదీ స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్నది, ర్యామ్ అంత వేగం దానికి రాదు.

మీ వాడకానికి నేనైతే 11 అంగుళాల తెర, 1920 × 1200 రిజల్యూషన్ చూస్తా. శామ్‌సంగ్ ట్యాబ్ ఏ9 ప్లస్, రెడ్‌మీ ప్యాడ్ ఎస్ఈ రెండింటిదీ ఇదే కొలత, రెండింటికీ నాలుగేసి స్పీకర్లు. శామ్‌సంగ్‌లో ఉన్న స్నాప్‌డ్రాగన్ 695 కాస్త చురుకు. రెడ్‌మీలో 680, కానీ బ్యాటరీ 8000 ఎంఏహెచ్. శామ్‌సంగ్‌ది 7040. సీరియళ్లకు ఆ ప్రాసెసర్ తేడా మీకు తెలియనే తెలియదు. శామ్‌సంగ్ మీ బడ్జెట్‌లోకి వస్తే అది తీసుకోండి, నా చేతికి వచ్చినంతలో దాని సామాను దొరకడం తేలిక. రాకపోతే రెడ్‌మీ తీసుకుని నిశ్చింతగా ఉండండి. ఏదైనా అసలు ర్యామ్ 6 జీబీ, అంతకన్నా ఎక్కువ ఉన్నది దొరికితే ఇంకా మంచిది.

సామాను సంగతి ఎందుకెత్తానంటే, పిల్లలున్న ఇంట్లో ట్యాబ్ ఎప్పుడో ఒకప్పుడు కిందపడుతుంది. పేరున్న మోడల్ అయితే డిస్‌ప్లే కాంబో చెన్నై రిచీ స్ట్రీట్ నుంచైనా తెప్పించి వేస్తా. ఆ జలపాతం ట్యాబ్‌కు ఎక్కడ వెతకమంటారు? దాని బోర్డు మీద మోడల్ నంబర్ కూడా సరిగ్గా ఉండదు.

సిమ్‌ది మీకు అక్కర్లేదు. బయటికి తీసుకెళ్తే ఫోన్ హాట్‌స్పాట్ చాలు. వాట్సాప్ కూడా అత్తమ్మగారి ఫోన్‌లోని లింక్డ్ డివైజెస్ నుంచి కలుపుకోవచ్చు, అదే నంబర్‌తో నడుస్తుంది.

తమ్ముడూ, నువ్వు చెప్పిన ప్యాడ్ గో మంచిదే. పీడీఎఫ్‌లకు దాన్ని మించింది లేదు. కానీ దాని తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 7:5, కొంచెం చదరంగా ఉంటుంది. సీరియల్ వచ్చేది 16:9లో. పైనా కిందా నల్ల పట్టీలు పోను దాంట్లో వీడియో వెడల్పు 9.2 అంగుళాలు. 11 అంగుళాల 16:10 తెర మీద అదే వీడియో 9.3 వస్తుంది. డబ్బు ఎక్కువ పెట్టి బొమ్మ పెద్దది కాకపోతే ఆమెకేం ప్రయోజనం?

గిరింపేట:

టీచర్ అక్కా, మాది చిత్తూరు. మా అమ్మకు 11 అంగుళాలది తీసుకున్నాం. చూడ్డానికి హాయిగానే ఉంది, బరువే ఇబ్బంది. అర కిలో దాకా ఉంటుంది, కవర్ వేస్తే ఇంకా పెరుగుతుంది. మంచం మీద ఆనుకుని పట్టుకుంటే కాసేపటికే మణికట్టు లాగుతోందని పక్కన పెట్టేసేది. నిలబెట్టుకునే స్టాండ్ కవర్ కొన్నాక సరిపోయింది. దాన్ని స్టీలు పళ్లెం మీద పెట్టుకుని ఒడిలో ఉంచుకుంటుంది. పట్టుకునే చూస్తారంటే 8.7 అంగుళాల ట్యాబ్ ఏ9 కూడా ఆలోచించండి, అది 332 గ్రాములే.

తిలక్ రోడ్ రిపేర్:

గిరింపేట అక్క చెప్పింది నిజం, బరువు సంగతి నేను రాయలేదు. కానీ ట్యాబ్ ఏ9 తెర 1340 × 800. ఆపరేషన్ అయిన కళ్లకు నేను పెద్దదే ఇస్తా, స్టాండ్‌తో సహా.

ఛార్జింగ్ గురించి కూడా చెప్పాలి. కొన్ని ట్యాబ్‌లకు డబ్బాలో ఛార్జర్ రాదు. రోడ్డు పక్క నూట యాభైకి దొరికేది కొనకండి, బీఐఎస్ ముద్ర, దాని కింద ఆర్‌తో మొదలయ్యే నంబర్ ఉన్నది తీసుకోండి. మన ఊళ్లో ఎండాకాలం నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో దిండు కింద పెట్టి రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేసిన ట్యాబ్‌లు మే నెలలో నా బల్ల మీదికి వస్తుంటాయి. బ్యాటరీ ఉబ్బి తెరను లోపలినుంచి పైకి తోస్తుంది. అంచు దగ్గర గోరు దూరేంత సందు కనిపిస్తుంది, ఆ పక్కన తెర మీద తెల్లటి మచ్చ. అలాంటిది కనబడితే ఛార్జింగ్ పెట్టకుండా వెంటనే తీసుకురండి, నొక్కి మూసే ప్రయత్నం చేయొద్దు.

కొర్లగుంట టీచర్:

అన్నా, మీరింత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్. ఆ తొమ్మిది వేలది వద్దని చెప్పేశాం. శామ్‌సంగ్ మా బడ్జెట్ దాటిపోయింది, రెడ్‌మీ ప్యాడ్ ఎస్ఈ తీసుకున్నాం. షాపులోనే డీఆర్ఎమ్ ఇన్ఫో వేయించి చూశా, ఎల్1 అని వచ్చింది. స్టాండ్ కవర్ కూడా కొన్నాం. అత్తమ్మ నిన్న కల్యాణోత్సవం చూస్తూ స్వామివారి నగలు ఒక్కొక్కటే నాకు చూపించింది.

ఒక్క ఇబ్బంది. హాల్లో బాగా వస్తోంది, అత్తమ్మ గదిలోకి వెళ్తే ఆగి ఆగి వస్తోంది. ట్యాబ్‌లో లోపమా? వాపసుకు ఇంకా టైముంది, టెన్షన్‌గా ఉంది.

తిలక్ రోడ్ రిపేర్:

ట్యాబ్ మంచిదే మేడమ్, వాపసు ఇవ్వకండి. మీ వైఫై రెండు పేర్లతో కనిపిస్తోందేమో చూడండి, ఒకదాని చివర 5జీ అని ఉంటుంది. అది 5 గిగాహెర్ట్జ్, వేగం ఎక్కువే గానీ గోడలు దాటితే బలం తగ్గిపోతుంది. అత్తమ్మగారి గదిలో రెండోది, 2.4 గిగాహెర్ట్జ్‌ది కలపండి. ఆ 5జీ పేరును ట్యాబ్‌లో ఫర్గెట్ కొట్టండి, లేదంటే మళ్లీ దానికే వెళ్లి అతుక్కుంటుంది. రెండు పేర్లు కనిపించకపోతే రౌటర్ ఫొటో ఇక్కడ పెట్టండి, వెనక అంటించిన చీటీలో పాస్‌వర్డ్ కనపడకుండా తీయండి.