అండర్-19 ఫుట్‌బాల్ లీగ్‌లో రెలిగేషన్ తీసేయడం మంచిదేనా? జర్మనీ మార్పు మీద చర్చ

డార్ట్‌మండ్_తెలుగు:
జర్మనీలో క్లబ్‌ల జూనియర్ జట్లకి 2003 నుంచి అండర్-19 బుందెస్లిగా ఉండేది. ఉత్తర-ఈశాన్యం, పడమర, దక్షిణ-నైరుతి అని మూడు గ్రూపులు. పట్టికలో అడుగున మిగిలిన జట్లు కింది లీగ్‌కి పోయేవి, అదే రెలిగేషన్. 2024-25 సీజన్ నుంచి దాన్ని ఎత్తేసి డీఎఫ్‌బీ (జర్మనీ ఫుట్‌బాల్ సంఘం) నాహ్‌వుక్స్‌లీగా అనే కుర్రాళ్ల లీగ్ పెట్టింది. గుర్తింపు ఉన్న అకాడమీ నడిపే క్లబ్‌కి చోటు ఖాయం, రెలిగేషన్ లేదు. మొదట దగ్గరి జట్లతో ఆడి, తర్వాత ఫలితాలను బట్టి పై ఎ లీగ్, కింది బి లీగ్‌లుగా విడిపోతారు. అండర్-17కి కూడా ఇదే పద్ధతి.

నాకైతే ఇది సరైన నిర్ణయమే. రెలిగేషన్ భయం ఉంటే సీజన్ చివరికొచ్చేసరికి కోచ్‌లు రిస్క్ తీసుకోరు. వెనక నుంచి పాస్‌లతో ఆడమని ఏడాదంతా నేర్పిన కుర్రాడికే బంతిని దూరంగా కొట్టెయ్యమని చెప్తారు. తప్పు చేసి నేర్చుకోవాల్సిన వయసులో తప్పు చేస్తే బెంచి మీద కూర్చోబెడతారు. మీరేమంటారు?

రోవర్స్‌కప్_అభిమాని:
నేను ఒప్పుకోను అన్నా. 2023లో జర్మనీ అండర్-17 జట్టు యూరో కప్పూ ప్రపంచ కప్పూ రెండూ గెలిచింది. రెండు ఫైనల్స్‌లోనూ ఫ్రాన్స్‌నే పెనాల్టీల్లో ఓడించింది. ఆ కుర్రాళ్లలో ఎక్కువమంది పాత పద్ధతిలో, ప్రతి వారం పాయింట్ల కోసం కొట్లాడి పెరిగినవాళ్లే. కాళ్లు వణికే మ్యాచ్‌లు ముందే ఆడి ఉండబట్టే ఇండోనేషియాలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్ షూటౌట్‌కి తట్టుకున్నారని నా నమ్మకం. టెన్షన్ లేని లీగ్‌లో పెరిగినవాడు పద్దెనిమిదేళ్లకి సీనియర్ జట్టులో అడుగుపెడితే, అక్కడ ఉద్యోగాలు పోయేంత టెన్షన్ ఉంటుంది. దానికి ఎక్కడ అలవాటు పడాలి?

కోచ్_ఎల్బీనగర్:
తమ్ముడూ, అండర్-17 కప్పు గెలిచినంత మాత్రాన సీనియర్ ఆటగాళ్లు తయారైపోరు. నైజీరియా ఆ ప్రపంచ కప్పు ఐదుసార్లు గెలిచింది, సీనియర్ ప్రపంచ కప్‌లో ప్రీక్వార్టర్స్ దాటలేదు. జర్మనీ సీనియర్ జట్టు కూడా 2018లో, 2022లో గ్రూప్ దశలోనే ఇంటికొచ్చింది. డీఎఫ్‌బీ బాధ అది.

పిల్లలకి నేర్పేవాడిగా నేను చూసేది ఇంకొకటి. వయసు లెక్క జనవరి 1 నుంచి మొదలవుతుంది. ఒకే అండర్-17 జట్టులో జనవరిలో పుట్టినవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా. ఆ వయసులో ఏడాదంటే ఎత్తు, బరువు, వేగం అన్నీ మారిపోతాయి. ఈ వారం గెలవకపోతే కింది లీగ్‌కి పోతామంటే ఏ కోచ్ అయినా ఒళ్లొచ్చినవాడినే దింపుతాడు. నేనైనా అంతే. ఆలస్యంగా ఎదిగే పిల్లాడు ఎంత తెలివిగా ఆడినా గంటలకొద్దీ గీత బయటే నిలబడతాడు, రెండేళ్లకి ఆట మానేస్తాడు. నా కళ్లముందు అలా మానేసినవాళ్లున్నారు. ఆ బాధ నన్ను వదలదు.

సన్నకారు_క్లబ్:
కోచ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. కానీ మీరంతా రెండు విషయాలు కలిపేస్తున్నారు. రెలిగేషన్ తీసేయడం ఒకటి. అకాడమీ ఉన్నవాళ్లకే చోటు రాసిచ్చేయడం ఇంకొకటి. మొదటిదానికి నేను ఒప్పుకుంటాను, రెండోదానికి ససేమిరా ఒప్పుకోను.

హాంబర్గ్‌లో నీన్‌డార్ఫర్ టీఎస్‌వీ అని ఒక అమెచ్యూర్ క్లబ్ ఉంది. వాళ్ల కుర్రాళ్లు పాత అండర్-19 బుందెస్లిగాలో పెద్ద క్లబ్‌ల మీద ఆడారు. మైదానంలో గెలిచి తెచ్చుకున్న చోటు అది. ఇప్పుడు అలాంటి క్లబ్ ఎంత బాగా ఆడినా, సీజన్ రెండో సగంలో బి లీగ్‌లోకి రావడమే.

ఇరవయ్యేళ్లు దాటేదాకా చిన్న క్లబ్‌లో ఆడిన జర్మనీ స్ట్రైకర్ మిరోస్లావ్ క్లోజె ప్రపంచ కప్‌లలో 16 గోల్స్ కొట్టాడు. తర్వాత జర్మనీ జట్టుకి ఆడిన రాబిన్ గోసెన్స్‌ని జర్మన్ అకాడమీ ఏదీ తీసుకోలేదు. రేడె అనే ఊరి జట్టులో ఆడుతుంటే డచ్ క్లబ్ వచ్చి తీసుకెళ్లింది. కోచ్ గారూ, మీరు బాధపడే ఆ ఆలస్యంగా ఎదిగే పిల్లాడు ఉండేది ఇలాంటి క్లబ్‌లలోనే కదా!

డార్ట్‌మండ్_తెలుగు:
ఈ తేడా నేను ఆలోచించలేదండీ. కానీ అకాడమీలు ఊరికే వచ్చిన హక్కు కాదు. 2000 యూరో కప్‌లో జర్మనీ గ్రూప్ దశలోనే ఓడాక, సీనియర్ల బుందెస్లిగా లైసెన్స్ కావాలంటే అకాడమీ ఉండాల్సిందే అన్నారు. కోచ్‌లు, హాస్టళ్లు, చదువు అన్నిటికీ క్లబ్‌లు డబ్బు పెట్టాయి. ఒక్క చెడ్డ సీజన్‌తో అదంతా వృథా కాకూడదు.

సన్నకారు_క్లబ్:
వృథా కానక్కర్లేదు. అకాడమీలని ఎవరూ కిందికి దించొద్దు. రాష్ట్ర లీగ్ గెలిచిన చిన్న క్లబ్‌లని సీజన్ మొదలయ్యే ఆగస్టులోనే, మొదటి దశ నుంచే పైకి తీసుకోండి. ఒక్కో గ్రూపులో ఒక జట్టు పెరుగుతుంది, అంతే.

రోవర్స్‌కప్_అభిమాని:
దీనికైతే నేనూ సరే. చిన్న క్లబ్ మీద ఓడిపోతామేమో అన్న టెన్షన్ పెద్దవాళ్లకి ఎలాగూ ఉంటుంది.

మన సంగతి కూడా చూడండి. 2022లో రిలయన్స్ డెవలప్‌మెంట్ లీగ్ గోవాలో మొదలైనప్పుడు హైదరాబాద్ ఎఫ్‌సీ కుర్రాళ్లు కూడా ఆడారు. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. క్లబ్‌కే చోటు రాసిస్తే, క్లబ్ పోయినప్పుడు ఆ ఊరి పిల్లలు ఎక్కడ ఆడాలి?

కోచ్_ఎల్బీనగర్:
జిల్లా లీగ్‌లో ఆడాలి. అది ఏడాదికి నాలుగు మ్యాచ్‌లతో అయిపోకుండా చూడమని సంఘాన్ని అడగాలి. నా దగ్గరున్న అండర్-15 పిల్లలకి ఈ సీజన్లో ఇంకా షెడ్యూల్ రాలేదు. ఇక్కడ హైదరాబాద్, రంగారెడ్డి కోచ్‌లు ఎవరైనా ఉంటే చెప్పండి, కలిసి ఒక లేఖ రాద్దాం.