మైనర్లకు తల్లిదండ్రుల నుంచి చట్టబద్ధమైన విడుదల మన దేశంలోనూ ఉండాలా?

చర్చ ప్రారంభించినవారు:
కాలిఫోర్నియాలో 14 ఏళ్లు నిండిన పిల్లలు కోర్టులో అర్జీ పెట్టుకుని, మేజర్లకుండే హక్కులు చాలావరకు ముందుగానే పొందవచ్చు. ఒప్పందాలపై తామే సంతకం చేయవచ్చు, వైద్యానికి తామే సమ్మతి తెలపవచ్చు. మనకు మేజరయ్యే వయసును నిర్ణయించే 1875 నాటి మెజారిటీ చట్టం 18 ఏళ్ల గీత గీసింది. అంతవరకు తండ్రి ఎలాంటివాడైనా అతని సంతకం కిందే బతకాలా? 16 దాటినవారికైనా అటువంటి దారి ఉండాలని నా వాదన.

ఒక సభ్యురాలు:
మీ బాధ సరైనదే అయినా మందు మాత్రం సరైనది కాదనుకుంటున్నాను. కాలిఫోర్నియా చట్టాన్ని దగ్గరగా చూడండి. అర్జీదారు తల్లిదండ్రుల సమ్మతితోనో, కనీసం వారు అడ్డుచెప్పకుండానో విడిగా ఉంటూ, న్యాయమైన సంపాదనతో తన ఖర్చులు తానే చూసుకుంటూ ఉండాలి. అంటే వెంటపడి ఇంటికి ఈడ్చుకువచ్చే తండ్రి ఉన్న పిల్లకు ఆ తలుపు సులభంగా తెరుచుకోదు. తెరుచుకున్నా, తల్లిదండ్రుల నుంచి పోషణ కోరే హక్కు దానితోపాటే పోతుంది. కొట్టిన తండ్రిని బిడ్డకు తిండి పెట్టే బాధ్యత నుంచి కూడా తప్పించడం నాకు న్యాయంగా తోచదు.

మా వీధిలో ఇంటర్ చదివే ఒక అమ్మాయి, తాగి వచ్చి కొట్టే తండ్రిని భరించలేక అమ్మమ్మ ఇంటికి చేరింది. పదో తరగతి మెమో, టీసీ, బ్యాంకు పాస్‌బుక్కు పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు తండ్రి బీరువాలోనే ఉండిపోయింది. కొత్త కాలేజీ దరఖాస్తులో సంరక్షకుల సంతకం అడిగిన చోట అమ్మమ్మ వేలిముద్ర వేస్తే, ఆవిడే సంరక్షకురాలని రుజువు తెమ్మన్నారు. ఆ పిల్ల కోరింది తండ్రితో తెగతెంపులు కాదు. ఆ కవరు, ఆ సంతకం, అంతే.

దానికి మన చట్టంలోనే ఆధారం ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం రక్షణ అవసరమైన పిల్లలు తామే నేరుగా బాలల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్లవచ్చు. యోగ్యులని తేలిన వ్యక్తి సంరక్షణలో వారిని ఉంచే అధికారం కమిటీకి ఉంది. సంరక్షకుల నియామకానికి 1890 నాటి చట్టం ఉంది; ఊహ తెలిసిన మైనరు ఇష్టాన్ని కోర్టు అందులో పరిగణించవచ్చు.

చర్చ ప్రారంభించినవారు:
పోషణ హక్కు పోతుందన్న సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటాను. అయితే మీరు చెప్పిన దారిలోనూ ఒక పెద్దమనిషి చేతి నుంచి మరో పెద్దమనిషి చేతికి మారడమే కదా? అమ్మమ్మ కూడా లేని పిల్ల సంగతేమిటి? కమిటీ దగ్గరకు వెళితే హోంలో పెడతారన్న భయంతోనే చాలామంది గడప దాటరు.

అదే సభ్యురాలు:
ఆ భయం నిజమే. అందుకే నేను కోరేది పూర్తి విడుదల కాదు, పరిమితమైన సంతకాధికారం. 16 నిండినవారికి చదువు, వైద్యం, తమ పేరిట ఉన్న ఖాతా, తమ సర్టిఫికెట్లు, ఈ నాలుగింటిలో తామే సంతకం చేసుకునేలా కమిటీ ఉత్తర్వు ఇవ్వగలగాలి, తల్లిదండ్రుల పోషణ బాధ్యత మాత్రం 18 వరకు చెక్కుచెదరకూడదు. అప్పుపత్రాల జోలికి నేను వెళ్లను. మైనరు రాసిన ఒప్పందం చెల్లదని 1903లో, బ్రిటిష్ పాలనలో మనకు ఆఖరి అప్పీలు కోర్టుగా ఉన్న ప్రివీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసులో చెప్పిన మాట, పిల్లల చేత సంతకాలు పెట్టించుకుని దోచుకునేవారి నుంచి ఈనాటికీ వారికి కంచెగా నిలుస్తోంది. ఆ కంచెను పీకకుండా, బీరువాలో ఉన్న ఆ కవరును పిల్ల చేతికి ఇప్పించే ఉత్తర్వు ఎలా ఉండాలో ఆలోచిద్దాం.