నేల వాలును మొదటి రోజు నుంచే మోడల్‌లో పెట్టాలా, సివిల్ వాళ్లు ఇచ్చేదాకా ఆగొచ్చా?

గీతగది

మా ఆఫీసులో ఒక వాదన ఎంతకీ తెగడం లేదు. మీరేమంటారో చెప్పండి.

వాలు నేల మీద ఇల్లు. స్థలం సుమారు 40 మీటర్లకు 40. ఒక మూల నుంచి ఎదురు మూలకు వెళ్లేసరికి 6 మీటర్ల పల్లం. ముందు చదునుగా ఒక పలక వేసుకుని ప్లాన్ మొదలుపెడదాం, నేల సంగతి సివిల్ ఇంజినీర్ సర్ఫేస్ (కొలతలతో చేసిన నేల డిజిటల్ రూపం) పంపాక చూసుకుందాం అని టీమ్‌లో సగం మంది అంటున్నారు. నేల మొదటి రోజు నుంచే మోడల్‌లో, అంటే కంప్యూటర్‌లో కట్టే 3డీ ఇంట్లో, ఉండాలని, దాన్ని ఆర్కిటెక్టే తయారు చేసుకోవాలని నేనంటున్నాను.

చదును పలక మీద గ్రౌండ్ ఫ్లోర్ లెవెల్ అంటే ఒక అంకె, అంతే. అదే వాలు మీద సెక్షన్, అంటే ఇంటినీ నేలనూ నిలువుగా కోసిన బొమ్మ, తీసి చూడండి. వాలు వెంట 20 మీటర్ల పొడవున్న ఇంట్లో ముందు గుమ్మం దగ్గర నేలకు సమంగా ఉన్న ఫ్లోర్, వెనక గోడ దగ్గరికి వచ్చేసరికి నేలకు రెండు మీటర్లు పైన ఉంటుంది. ఆ రెండు మీటర్లు మట్టితో నింపి, దాన్ని ఆపే రిటైనింగ్ వాల్ కట్టాలా, ఫ్లోర్‌ని రెండు లెవెల్స్ చెయ్యాలా, కింద గది తియ్యాలా? ఇంటి రూపం తేలేది ఈ ప్రశ్న దగ్గరే. ప్లాన్ ఖాయమయ్యాక నేల వచ్చి చేరితే చాలాసార్లు మిగిలేది మట్టి నింపడమే.

కాలమ్‌బీమ్

మీ ఆలోచన అర్థమైంది కానీ ఒప్పుకోలేను. మీరు తయారు చేసిన నేల ఒకటి, సివిల్ వాళ్లది ఇంకొకటి. ఒకే స్థలానికి రెండు నేలలు అయ్యాయి. సర్వే రివైజ్ అవుతుంది, వాళ్లు తమది మార్చుకుంటారు, మీది పాతదే ఉండిపోతుంది. ఆ పాత నేల మీద కోసిన సెక్షన్ డ్రాయింగ్ షీట్ మీదికి ఎక్కుతుంది. నేల గీత అంత నమ్మకంగా గీసి ఉంటే సైట్‌లో దాన్ని ఎవరూ అనుమానించరు, పునాది లోతు కూడా దాన్ని చూసే లెక్కేస్తారు.

పైగా బరువు సంగతి. బిల్డింగ్ మోడల్ చేసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో 2024 వెర్షన్‌తో, నేలను ఒట్టి పొరగా చూపే టోపోసర్ఫేస్ స్థానంలో టోపోసాలిడ్ వచ్చింది. ఫ్లోర్ లాగే మందం, లేయర్లు ఇవ్వొచ్చు, నిజంగా మంచి మార్పే. కానీ సర్వే ఫైల్లోని వేల పాయింట్లన్నీ అందులో పోస్తే ఒక్క సెక్షన్ తెరవడానికి కూడా కూర్చుని చూడాలి. నా ఓటు సివిల్ సర్ఫేస్‌ని లింక్ చేసుకోవడానికే.

లెవెల్‌పుస్తకం

నేను సర్వే చేసేవాణ్ని. మీ ఇద్దరూ నేల ఎవరు తయారు చెయ్యాలని వాదిస్తున్నారు. ఏ పాయింట్లతో చెయ్యాలన్నది నాకు అంతకంటే పెద్ద విషయం.

సాఫ్ట్‌వేర్ ఏదైనా పాయింట్లను త్రిభుజాలుగా కలిపే నేల తయారు చేస్తుంది. ఎక్కువ చోట్ల వాడేది 1934లో బోరిస్ డెలోనే ప్రచురించిన పద్ధతి, లేదా దాని రూపాంతరం. సన్నటి చీలికల్లాంటివి రాకుండా త్రిభుజాలు వీలైనంత నిండుగా వచ్చేలా అది చూస్తుంది. గట్టు ఎక్కడుంది, గోడ ఎక్కడుంది అనేది దానికి తెలియదు.

ఒక ఉదాహరణ. స్థలం మధ్యలో మీటరున్నర ఎత్తు రాతి కట్ట ఉందనుకోండి. పై అంచున మూడు రీడింగులు, కింద మూడు తీసుకున్నాం. వాటిని అలాగే ఇంపోర్ట్ చేస్తే పై పాయింటును పక్కనున్న కింది పాయింటుతో, ఇంకో కింది పాయింటును నాలుగు మీటర్ల అవతలి పై పాయింటుతో కలిపేస్తుంది. నిటారుగా ఉండాల్సిన కట్ట పళ్లు పళ్లుగా, అడ్డదిడ్డమైన వాలుగా మారుతుంది. సెక్షన్ సరిగ్గా ఆ పళ్ల మధ్య పడితే అక్కడ కట్టే లేనట్టు ఉంటుంది. అందుకే సివిల్ ఇంజినీర్లు వాడే సివిల్ 3డీ సాఫ్ట్‌వేర్‌లో బ్రేక్‌లైన్ ఇస్తారు, అంటే త్రిభుజాలు ఈ గీతను దాటకూడదని చెప్పడం. ఆర్కిటెక్టులు వాడే ఆర్కిక్యాడ్‌లో ఆ అంచు గీతను మెష్‌లోకి, అంటే త్రిభుజాల నేలలోకి, కలపొచ్చు. స్కెచప్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఫ్లిప్ ఎడ్జ్‌తో త్రిభుజాల మధ్య ఒక్కో గీతను చేత్తో తిప్పాలి.

కాంటూర్ల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) నుంచి మాత్రమే నేల తయారు చేసేవాళ్లకూ ఇదే ఇబ్బంది. ఒకే కాంటూరు మీది మూడు పాయింట్లు కలిసి త్రిభుజమైతే అది పూర్తి చదును. మెరక నెత్తి కోసేసినట్టు, కాలువ అడుగు బల్లపరుపుగా వస్తుంది. కాంటూర్ల మధ్య స్పాట్ లెవెల్స్, అంటే ఒక్కో చోట కొలిచిన ఎత్తులు, అడిగి తీసుకోండి, మేం ఇస్తాం. అసలు ఆ కాంటూర్లను గీసిందే ఆ స్పాట్ లెవెల్స్ నుంచి.

కాబట్టి కాలమ్‌బీమ్ గారూ, వేల పాయింట్లు అక్కర్లేదు. కట్టల పై అంచు, కింది అంచు, రోడ్డు అంచు, కాలువ అడుగు, వాలు విరిగే ప్రతి చోటూ ఉంటే 150 పాయింట్లతో ఈ స్థలం నిలబడుతుంది. ఇవి లేకుండా సమదూరంలో తీసిన 5,000 పాయింట్ల గ్రిడ్ ఇచ్చినా కట్ట అంచు ఎక్కడో అది కచ్చితంగా చెప్పలేదు.

కొత్తబ్యాచ్

అన్నా, సర్వే వచ్చేదాకా ఆగకుండా నేను శాటిలైట్ ఎత్తుల డేటా ఉచితంగా దించుకుని నేల చేసేస్తుంటాను. కాన్సెప్ట్‌కి అది సరిపోదా?

లెవెల్‌పుస్తకం

దేనికి వాడుతున్నావన్నదాన్ని బట్టి ఉంటుంది తమ్ముడూ. అందరూ దించుకునే ఎస్‌ఆర్‌టీఎం డేటా 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచింది. రెండు పాయింట్ల మధ్య దూరం సుమారు 30 మీటర్లు. అంటే ఈ 40 మీటర్ల స్థలంలో ఒక్కో వైపు ఒకటో రెండో పాయింట్లు పడతాయి. ఎత్తులో 16 మీటర్ల తేడా దాకా ఉండొచ్చన్నది ఆ మిషన్ పెట్టుకున్న ప్రమాణమే. చాలా చోట్ల అంతకంటే మెరుగ్గానే వచ్చింది, కానీ చెట్లున్న చోట అది చెప్పేది మట్టి ఎత్తు కాదు, ఆకుల్లో ఎక్కడో ఒక ఎత్తు. స్థలంలో మొత్తం పల్లమే 6 మీటర్లు కదా.

చుట్టూ కొండ ఎటుంది, సాయంత్రం నీడ ఎటు నుంచి వస్తుంది, పెద్ద వాన నీరు ఏ దిక్కు నుంచి దిగుతుంది, ఇవి చూసుకోవడానికి చక్కగా పనికొస్తుంది. ప్లింత్ లెవెల్ (ఇంటి పీఠం ఎత్తు) మాత్రం దాని మీద పెట్టొద్దు.

మొక్కలూమట్టీ

ల్యాండ్‌స్కేప్ వైపు నుంచి నేను పూర్తిగా గీతగది గారి పక్షం. ఎవరూ నీళ్ల మాట గట్టిగా ఎత్తలేదు.

వాలు మీద ఇల్లు పెట్టడమంటే పైనుంచి వచ్చే నీటికి అడ్డంగా గోడ కట్టడమే. ఎగువ గోడ వెనక నీరు నిలవకుండా ముందే దాన్ని పక్కకు తిప్పాలి. ఇంటి చుట్టూ మొదటి మూడు మీటర్లలో నేల బయటికి 5 శాతం వాలాలన్నది విరివిగా పాటించే లెక్క, అంటే 15 సెంటీమీటర్లు. ఎగువ వైపు ఆ 15 సెంటీమీటర్లు కిందికి దిగి, అక్కడ లోతు తక్కువ కాలువలా మళ్లీ అసలు నేలను కలుసుకోవాలి. ఈ కాలువకు చోటు కావాలి. ప్రహరీకి రెండు మీటర్ల దూరంలో ఇల్లు పెట్టేశాక ఆ చోటు ఎక్కడి నుంచి తెస్తారు? చదును పలక మీద ఇవేవీ కనపడవు. సివిల్ వాళ్ల సర్ఫేస్ వచ్చేసరికి ఇల్లు కదలదు, కాలువకు బదులు గ్రేటింగులు, పైపులు వేస్తారు. వాటిలో ఆకులు అడ్డుపడిన మొదటి వానకే నీరు గోడ దగ్గరికి వస్తుంది.

చెట్లు కూడా. ఉంచుదామనుకున్న చెట్టు మొదలు దగ్గర లెవెల్ ఎంతో మోడల్‌లో ఉండాలి. వేళ్ల మీద అర మీటరు మట్టి నింపినా, అంత తవ్వినా చెట్టు చాలావరకు బతకదు. చచ్చేది కూడా వెంటనే కాదు, ఒకటి రెండేళ్లకు. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. ప్లాన్‌లో ఆకుపచ్చ వృత్తం గీసి చెట్టు ఉంచామనుకోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. చెట్టు మొదలు దగ్గర పాత లెవెల్, కొత్త లెవెల్ పక్కపక్కన రాస్తే చాలు, అది ఉంటుందో పోతుందో అక్కడే తెలిసిపోతుంది.

ఉత్తరందిక్కు

మేడమ్ చెప్పినదానికి పూర్తి మద్దతు. ఫైల్ తెరవగానే మొదట ఎదురయ్యే చిక్కు ఇంకోటుంది, కోఆర్డినేట్లు. సర్వే యూటీఎంలో, అంటే భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో చోటు చెప్పే పద్ధతిలో, వస్తే ఈస్టింగ్ (తూర్పు వైపు అంకె) లక్షల మీటర్లలో ఉంటుంది, జోన్ మధ్య గీత దగ్గరే 5,00,000. రెవిట్‌లో మన జామెట్రీ ఇంటర్నల్ ఆరిజిన్ (ఫైల్ సున్నా పాయింటు) నుంచి 16 కిలోమీటర్ల లోపు ఉండాలి. ఆ అంకెల్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఇంటిని అక్కడే కడితే గీతలు వణుకుతాయి, స్నాప్ తప్పుతుంది, హ్యాచ్ చెదురుతుంది. స్కెచప్‌లో కూడా ఆరిజిన్‌కు చాలా దూరంగా పనిచేస్తే గోడలు సగం మాయమవుతుంటాయి.

ఇల్లు ఆరిజిన్ పక్కనే ఉండాలి. సర్వేలో బాగా తెలిసిన ఒక పాయింటు, ప్రహరీ మూలో బెంచ్‌మార్కో (ఎత్తులకు ఆధారంగా పెట్టుకున్న గుర్తు), దాని అసలు అంకెల్ని అన్ని ఫైళ్లకూ ఉమ్మడిగా ఉండే షేర్డ్ కోఆర్డినేట్లలో ఇవ్వాలి. ఇంటి గోడలు స్క్రీన్ మీద నిలువుగా కనపడటానికి ప్రాజెక్ట్ నార్త్ (మనం పెట్టుకున్న ఉత్తరం), ఎండకూ నీడకూ ట్రూ నార్త్ (అసలు ఉత్తరం). ఇదంతా మొదటి గంటలో అయిపోవాలి, నాలుగు లింకులు వచ్చి చేరాక సరిచెయ్యడం నరకం.

ఎత్తు కూడా అంతే. సర్వేయర్ బెంచ్‌మార్కుకు 100.000 అనుకుని మొదలుపెట్టి ఉండొచ్చు, సముద్రమట్టం నుంచి ఇచ్చి ఉండొచ్చు, జీపీఎస్ ఎత్తు మార్చకుండా ఇచ్చి ఉండొచ్చు. ఈ చివరిది ఎలిప్సాయిడ్ (భూమికి లెక్క కోసం అనుకున్న నున్నటి ఆకారం) మీది ఎత్తు. సముద్రమట్టం లెక్కకూ దీనికీ కొన్నిచోట్ల 100 మీటర్ల దాకా తేడా ఉంటుంది. ఏ లెక్కో షీట్ మీద రాసి లేకపోతే ఫోన్ చేసి అడగండి.

కాలమ్‌బీమ్

నీళ్ల సంగతి, చెట్ల సంగతి ఒప్పుకుంటున్నాను. మొక్కలూమట్టీ గారు చెప్పిన కాలువ చోటు కోసమైనా నేల ముందే ఉండాలి. కానీ నా అసలు భయం క్వాంటిటీ. నేల మోడల్‌లో ఉంటే సాఫ్ట్‌వేర్ కటింగ్ ఎంత, ఫిల్లింగ్ ఎంత అని అంకె చూపిస్తుంది. చూపించాక దాన్ని ఎవరో ఎస్టిమేట్‌లో ఎక్కిస్తారు.

ఈ స్థలం 1,600 చదరపు మీటర్లు. నేల సగటున 10 సెంటీమీటర్లు అటూఇటూ అయితే 160 ఘనపు మీటర్ల తేడా. ముందుగా తీసెయ్యాల్సిన పైమట్టి 15 సెంటీమీటర్లు అనుకుంటే అదొక 240 ఘనపు మీటర్లు, ఒకే ఉపరితలం ఉన్న మోడల్‌లో ఇది లెక్కలోకే రాదు. ఆ తర్వాత మట్టి పొంగు. బంకమట్టి తవ్వితే 20 నుంచి 40 శాతం పెరుగుతుంది, రాయి ఇంకా ఎక్కువ. మోడల్ చూపించే 100 ఘనపు మీటర్లు లారీలోకి ఎక్కేసరికి 130 కావొచ్చు. మళ్లీ నింపి రోలింగ్ చేస్తే ఇంకో లెక్క. ఆర్కిటెక్ట్ మోడల్ నుంచి మట్టి అంకె బయటికి రాకూడదు. ఈ విషయంలో నేను తగ్గను.

గీతగది

కాంట్రాక్టులోకి వెళ్లకూడదన్నది సరే. కానీ అంకె అసలు చూడొద్దంటే నాకు నష్టం. ప్లింత్ 30 సెంటీమీటర్లు దించితే తవ్వకం, నింపుడు దగ్గరికి వస్తాయా, దూరం పోతాయా అన్నది నాకు కాన్సెప్ట్‌లోనే తెలియాలి. అక్కడ నాకు కావలసింది రెండు ఆప్షన్ల మధ్య తేడా. ఒకే నేల మీద రెండూ లెక్కిస్తాను కాబట్టి నేలలో ఉన్న తప్పు రెండింటిలోనూ దాదాపు సమానంగానే ఉంటుంది, పోలిక చెడదు. బయటి నుంచి మట్టి తెప్పించాలా, ఉన్నది సరిపోతుందా అన్నది డిజైన్ ప్రశ్నే.

రెండు నేలల సమస్యకు మేం ఇలా చెయ్యాలనుకుంటున్నాం: ఇప్పుడున్న నేల ఒక విడి ఫైల్‌లో. అందులో సర్వే పాయింట్లు, లెవెల్‌పుస్తకం గారు చెప్పిన అంచులు తప్ప ఇంకేమీ ఉండవు, దాన్ని ఎవరూ ముట్టుకోరు. సర్వే రివైజ్ అయితే ఆ ఫైల్ మాత్రమే మారుతుంది, సివిల్ వాళ్లది వచ్చాక దాని స్థానంలోకి అదే వస్తుంది. కొత్త నేల, అంటే మేం కోసేదీ నింపేదీ, ఇంటి మోడల్‌లో. సెక్షన్‌లో పాత గీత డాష్‌గా, కొత్తది నిండుగా, పక్కన సర్వే తేదీ.

లెవెల్‌పుస్తకం

తేదీతో పాటు బెంచ్‌మార్క్ విలువ కూడా రాయండి. ప్రహరీకి అవతల 10, 15 మీటర్ల దాకా లెవెల్స్ కావాలని మాకు పని ఇచ్చేటప్పుడే చెప్పండి. పక్క స్థలం నుంచి నీరు ఎటు వస్తుందో, రోడ్డు ఎంత ఎత్తులో ఉందో అక్కడే తెలుస్తుంది. హద్దు దాకానే చెయ్యమంటే మేం హద్దు దాకానే చేస్తాం.

కాలమ్‌బీమ్

విడి ఫైల్ అయితే నాకు అభ్యంతరం లేదు. మట్టి అంకెలున్న షెడ్యూల్‌ని మాత్రం ఏ షీట్ మీదా పెట్టకండి. టెండర్‌కి వెళ్లే అంకె సివిల్ వాళ్లు సంతకం చేసిందే కావాలి.

గీతగది

షీట్ మీద పెట్టం. మా ఆప్షన్ల నోట్‌లో మాత్రం ఉంటుంది, తేడాగానే, మొత్తంగా కాదు.